రెండు వేళ్ల మొహమాటం

మొన్న ఒక ఆసుపత్రివాళ్లు కొత్తగా తెచ్చిన మెషిన్ చూడమని పిలిస్తే వెళ్లాను. రిటైరైనవాళ్లని అప్పుడప్పుడూ ఇలా పిలిచి, కాఫీ ఇచ్చి పంపిస్తుంటారు. అక్కడ పనిచేసే పిల్లలు పేషెంటు మెదడుని స్క్రీన్ మీద రంగురంగులుగా తిప్పి చూపించారు. తల మీద ఆనించే కాయిల్ కాస్త పక్కకి జరిగితే చాలు, మెషినే కీచుమని అరుస్తోంది. "మీ టైములో చోటు ఎలా కనుక్కునేవాళ్లు సార్?" అని ఒకమ్మాయి అడిగింది. "ఈత టోపీతో" అన్నాను. అందరూ నవ్వారు. జోకనుకున్నారు. ఆ అమ్మాయికి సగం జవాబే చెప్పి వచ్చానని దారంతా అనిపించింది. మిగతా సగం ఇది.

నేను ఈఈజీ టెక్నీషియన్ని. అంటే తలకి వైర్లు అతికించి మెదడు గీతలు కాగితం మీదకి తీసేవాణ్ణి. అతికించే ముందు తల కొలవాలి. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, దర్జీ టేపుతో. తెనాలి వైపు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో పాతుకుపోయిన నేను, పంజాగుట్టలోని ఒక సందు ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకి పైగా అదే పని చేశాను. "మీకు మనిషి మొహం గుర్తుండదు గానీ తల చుట్టుకొలత గుర్తుంటుంది" అనేది మా ఆవిడ. నిజమే. అది నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది. గర్వం సంగతి తర్వాత వస్తుంది, గుర్తుంచుకోండి.

అవి అమీర్‌పేటలో నడుస్తుంటే చేతిలో కనీసం నాలుగు పాంప్లెట్లు పడే రోజులు. జావా, టెస్టింగ్, ఉద్యోగం గ్యారంటీ. మెట్రో రాలేదింకా. మధురానగర్ హాస్టళ్లలో ఒక్కో గదికి అయిదుగురు. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు పొద్దున ఇడ్లీ బండి దగ్గర నిలబడి నోట్స్ చదువుకునేవారు. వాళ్లలో ఉద్యోగాలు వచ్చినవాళ్లు హైటెక్ సిటీ బస్సు ఎక్కేవారు, రానివాళ్లలో కొందరు మా ఆసుపత్రి మెట్లెక్కేవారు. వచ్చినవాళ్లు కూడా ఎక్కేవారు, అది వేరే విషయం.

మా డాక్టరు గారు నాకంటే చిన్నవారు. కరీంనగర్ వైపు మనిషి. నన్ను "అన్నా" అని పిలిచేవారు. కోపం వస్తే "సార్" అనేవారు. ఆయన నోట "సార్" విన్న రోజు ఎవరూ సరిగ్గా అన్నం తినేవారు కాదు. మందులకి లొంగని డిప్రెషన్ మీద పరిశోధన చేయాలని ఆయన ఎక్కడెక్కడో తిరిగి ఒక మెషిన్ సంపాదించారు. తల మీద ఒక కాయిల్ ఆనిస్తారు. అది టకటకమని కొడుతుంది. లోపల మెదడులో మందగించిన చోటుని అయస్కాంత శక్తితో తట్టి లేపుతుంది. "కరెంటు పెడతారటగా" అని భయపడే తల్లులకి, "కరెంటు కాదమ్మా, అయస్కాంతం. మత్తు కూడా అక్కర్లేదు, కుర్చీలో కూర్చుంటే చాలు" అని నేనే చెప్పేవాణ్ణి.

అంతా చోటులో ఉంది. ఎక్కడ తట్టాలి? దానికో పద్ధతి. ఎడమవైపు తల మీద కాయిల్ మెల్లగా జరుపుతూ పోతే, ఒకచోట కుడిచేతి బొటనవేలు దానంతటది ఎగురుతుంది. ఆ చోట ఒక గుర్తు. అక్కడి నుంచి ముందుకి అయిదు సెంటీమీటర్లు కొలిచి ఇంకో గుర్తు. చికిత్స ఆ ముందు గుర్తు మీద. రోజూ వెతుక్కోకుండా పేషెంటుకి ఈత టోపీ తొడిగి దాని మీద స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టేవాళ్లం. ఒక్కొక్కరికీ ఒక టోపీ. అమీర్‌పేటలో ఆటల సామాన్ల షాపువాడు నేను డజను టోపీలు కొంటుంటే, ఎక్కడ కొత్త స్విమ్మింగ్ పూల్ కట్టారని అడిగాడు. ప్రతి సోమవారం వేలు మళ్లీ చూసి, గుర్తు సరిగ్గా ఉందని రిజిస్టరులో రాయాలి. అదీ పద్ధతి.

ఆ గదిలో నాతోపాటు ఒక ఆయమ్మ ఉండేది. యూసుఫ్‌గూడలో మా వెనక గల్లీ. తల మీద గుడ్డ ఎప్పుడూ జారనిచ్చేది కాదు. ఆడపేషెంట్ల జుట్టు విప్పి, పిన్నులు తీసి, దువ్వి, టోపీ తొడగడం ఆవిడ పని. గుర్తులు, కాయిల్ నా పని. పదేళ్లలో ఆవిడ నన్ను "సార్" తప్ప ఇంకో పేరుతో పిలవలేదు, నేను చెప్పింది ప్రశ్నించకుండా ఊరుకున్నదీ లేదు.

ఇక మా పేషెంటు అమ్మాయి. ఇరవై ఏడేళ్లు ఉంటాయేమో. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో టెస్టింగ్ నేర్పే ఫ్యాకల్టీ. అంటే వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం ఎలాగో పిల్లలకి చెప్పడం. బ్యాచ్‌కి వందమంది కూర్చునేవాళ్లట. ఒకరోజు క్లాసులో బోర్డు వైపు తిరిగిన మనిషి మళ్లీ పిల్లల వైపు తిరగలేకపోయింది. ఆ తర్వాత హాస్టల్ గదిలోంచి బయటికే రాలేదు. తల్లి భీమవరం నుంచి వచ్చి మధురానగర్‌లో ఒక గది అద్దెకి తీసుకుని పక్కనే ఉండిపోయింది. రెండు రకాల మందులు అయ్యాయి. నిద్ర వచ్చింది గానీ గుణం కనిపించలేదు. అప్పుడు మా దగ్గరికి వచ్చారు.

ఆ పిల్ల మాట్లాడే మాట ఒక్కటే, "సారీ". తలుపు చప్పుడైతే సారీ. ఆయమ్మ వంగి చెప్పులు జరిపితే సారీ. మెషిన్ వేడెక్కి ఆగిపోతే, "సారీ సార్, నా వల్లే" అంది. మెషిన్‌కి కూడా క్షమాపణ చెప్పే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. గ్లాసు నీళ్లు చేతిలో పెడితే తాగకుండా అలాగే పట్టుకుని కూర్చునేది.

మొదటి రోజు తలంటు పోసుకుని రమ్మన్నాం. ఆయమ్మ ఆ జుట్టు విప్పితే కుర్చీ వెనక నుంచి కిందికి జారింది. అంత జుట్టు. వీపు మీద పరిచి టోపీ తొడిగింది. నేను వేలు చూశాను, కొలిచాను, గుర్తులు పెట్టాను. అన్నీ సరిగ్గా కుదిరాయి. ఆ రోజుకి కొలతలే, చికిత్స మర్నాటి నుంచి. రెండోరోజు ఆ పిల్ల పెద్ద ముడితో వచ్చింది. ఆయమ్మ విప్పబోతే తల్లి అడ్డుపడింది.

"ఏంటండీ ఇది, రోజూ జుట్టు విరబోసుకుని కూర్చోవాలా? అదీ మగవాళ్ల ముందు. అసలే పిల్లకి బాలేదు. జుట్టు విరబోసుకుంటే ఇంటికే మంచిది కాదంటారు."

ఆ తల్లి కళ్లు చూశాను. నిన్ననే అడుగుదామనుకుని ఆగినట్టుంది. నాకూ ఏదోలా అనిపించింది. మా ఇంట్లో మా అమ్మ కూడా అదే మాట అనేది.

"పర్లేదమ్మా, ముడితోనే కానిద్దాం" అన్నాను.

ఆయమ్మ నా వైపు చూసింది. "ఇప్పి పెడితేనే మంచిగ కూసుంటది సార్ టోపీ."

"అంచు కనుబొమల దగ్గరికి వచ్చిందా లేదా? వచ్చింది కదా. చాలు."

టోపీ ముందు అంచు కనుబొమల పైన ఉండాలని మాన్యువల్‌లో ఉంది. ఉంది. వెనక రబ్బరు ఆ ముడి మీదుగా సాగి ఎక్కడికి పోయిందో మాన్యువల్‌లో లేదు. మాన్యువల్ రాసినవాళ్ల ఊళ్లో అంత ముడులు ఉండవు కాబోలు.

మూడోరోజో నాలుగోరోజో ఆయమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"సార్, గా పిల్ల వేలు సూశిండ్రా? మెషిన్ టక్ అన్నప్పుడల్లా ఎగురుతున్నది."

"మెషిన్ వల్లేనమ్మా. మామూలే."

"మిగతోళ్లకు ఎగుర్తలేదు కదా?"

"ఒక్కొక్కళ్ల తత్వం."

"ఏమో సార్. మీకే ఎర్క."

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వేలు ఎగిరే చోటు వేరు, చికిత్స చోటు వేరు. చికిత్స చేస్తుంటే వేలు ఎగురుతోందంటే కాయిల్ వెనక్కి పోయిందని అర్థం. మొదటి వారం నేర్చుకునే ఎవరికైనా తెలిసే విషయం. నాకు తెలియలేదా? తెలుసు. కానీ ఇరవై ఏళ్లు తలలు కొలిచినవాడికి ఆయమ్మ చెబితే వినే చెవి ఉండదు. ఆ తర్వాతి సోమవారం వేలు చూడాల్సిన రోజు. బయట ముగ్గురు కాచుకుని ఉన్నారు, మెషిన్ వేడిగా ఉంది. పాత అంకెనే దించి, "మార్పు లేదు" అని రాసేశాను. నా దస్తూరి బాగుండేది. ఆ రెండు మాటలూ ముత్యాల్లా ఉన్నాయి ఆ పేజీలో.

అదే వారం ఆయమ్మ ఇంకో మాట తెచ్చింది. "గా పిల్ల నాతోని అన్నది సార్. ఇది సుత పనిచేయకుంటే ఇంక నా మీద ఏదీ పనిచేయదు ఆంటీ, ఇదే ఆఖరుది, ఇంక ఏ దవఖానాకూ రాను అన్నది. నాకు భయమైతున్నది." నేను వెంటనే డాక్టరు గారికి చెప్పాను. ఆయన ఆ పిల్లతో చాలాసేపు మాట్లాడి, తల్లిని పిలిచి, ఒంటరిగా వదలొద్దని చెప్పారు. ఆ ఒక్కటీ మాత్రం నేను ఆలస్యం చేయకుండా చేశాను.

రెండు వారాలు, పది సిట్టింగులు అయ్యాయి. ప్రశ్నలడిగి మార్కులు వేసే సైకాలజిస్టు శుక్రవారం మార్కులు వేసింది. మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మా పరిశోధన నిబంధన ప్రకారం ఇక ఆపేయాలి. మంగళవారం చివరి కొలతలు తీసి, ఫారం మీద "ఫలితం లేదు" అని రాసి పంపేయాలి. తల్లి గది ఖాళీ చేస్తానని ఓనరుతో చెప్పేసింది. భీమవరం వెళ్లిపోతారట. అక్కడ ఏం చేస్తారో ఎవరూ అడగలేదు. ఆ పిల్ల మాత్రం మెట్లు దిగుతూ, "సారీ సార్, మీ అందరి టైము వేస్ట్ చేశాను" అంది.

మంగళవారం వచ్చారు. పిల్ల తల మీద చున్నీ కప్పుకుని ఉంది. కుర్చీలో కూర్చుని చున్నీ తీసింది. గుండు. గంధం పూత ఇంకా అక్కడక్కడా ఉంది.

"కొండకి వెళ్లొచ్చామండీ" అంది తల్లి. "మొక్కుకున్నాను. మందులు చూశాం, మీ మెషిన్ చూశాం. ఇక ఆయనే దిక్కు."

రెండు వారాలుగా ఆ జుట్టు కొబ్బరినూనె వాసనకి మురిసిపోయిన మనిషి ఆయమ్మ. గుండు మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా నిమిరింది. "సల్లగున్నదా బేటా?" అంది. పిల్ల తలూపింది.

టోపీ తొడిగాం. బొటనవేలు గుర్తు మీద కాయిల్ పెట్టి ఒక్కటి కొట్టాను. వేలు ఎగిరింది. అయిపోయింది, రాసుకోవడమే. పెన్ను తీశాను.

"సార్" అంది ఆయమ్మ. "ఇగ ఇప్పుడు ముందు గుర్తు మీద పెట్టుండ్రి జర."

"ఎందుకమ్మా?"

"పెట్టుండ్రి."

పెట్టాను. టక్. వేలు కదల్లేదు. ఇంకోసారి. కదల్లేదు.

"మొన్నటిదాంక ముందుది పెడితేనే ఎగురుతుండె. ఇయ్యాల ఎనకది పెడితే ఎగురుతున్నది. ఎందుకు సార్?"

ఆవిడ నిలదీసి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. టోపీ అదే, గుర్తులు అవే, తల అదే. పోయింది ముడి ఒక్కటే. పది రోజులు ఆ ముడి రబ్బరుని వెనక్కి లాగింది. పది రోజులు నేను తట్టాల్సిన చోట తట్టనే లేదు.

ఫారం పట్టుకుని వరండాలోకి వచ్చాను. కింద పంజాగుట్ట ట్రాఫిక్ హారన్లు. దాచిపెట్టను, భయం వేసింది. ఉద్యోగం గురించి కాదు. ఇంకో రెండేళ్లలో ఎలాగూ ఇంటికే. ఇరవై ఏళ్లుగా "ఆయన కొలిస్తే కొలిచినట్టే" అన్న పేరు ఒకటి ఉంది నాకు. దానికోసం వేసింది భయం. ఎవరికి తెలుస్తుంది? ఆయమ్మకి వేలు సంగతి తెలుసుగానీ దాని అర్థం తెలియదు. ఒక్క సంతకం చేస్తే ఆ పిల్ల ఇంటికి, నేను టీకి.

వెనక గదిలోంచి మాట వినపడింది. ఆయమ్మ టోపీ తీస్తున్నట్టుంది. "సారీ ఆంటీ" అంటోంది ఆ పిల్ల. "రెండు వారాలు మీకు ఊరికే శ్రమ ఇచ్చాను. నా తలే అంత."

నా తలే అంత! నేను కొలిచిన తల. దాంట్లో ఏ తప్పూ లేదని ఆ క్షణంలో ప్రపంచంలో తెలిసింది నాకొక్కడికే. ఇంక సంతకం చేయలేకపోయాను.

డాక్టరు గారి గదిలో నిలబడే చెప్పాను. ముడి, వేలు, సోమవారం చూడకుండా రాసిన "మార్పు లేదు". అన్నీ. ఆయన చాలాసేపు బల్ల మీదున్న పేపర్‌వెయిట్‌ని తిప్పారు.

"సార్, కూర్చోండి."

కూర్చున్నాను.

"మిగతా వాళ్ల సోమవారాలు?"

"చూశాను. ఈ ఒక్కటే."

"మీరు చెప్తే నమ్మాల్నా ఇప్పుడు?" అన్నారు. గట్టిగా కాదు, మామూలుగానే అన్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "అందరివీ మళ్లీ చూస్తం. పరిశోధన కమిటీకి రాయాలె. ఆ అమ్మాయి డేటా పోయినట్టే." పేపర్‌వెయిట్ పక్కన పెట్టి, "డేటా పోతే పోయింది. లెక్కలోకి రాదు గానీ ట్రీట్‌మెంట్ ఇద్దాం. రేపట్నుంచే, సరిగ్గా. పోయి ఆమెకు చెప్పండి."

"మీరు చెబితే..."

"నేను చెప్తే ఓదార్పు అనుకుంటది. తప్పు చేసినోడు చెప్తేనే నమ్ముతది."

తిరిగొచ్చి ఆ పిల్ల ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. తల్లి సంచీ సర్దుకుంటోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొదటి రోజు నుంచి చెప్పుకొచ్చాను. "చికిత్స నీ మీద పనిచేయలేదని కాదమ్మా. నీకసలు చికిత్స జరగలేదు. నేను పది రోజులు తప్పు చోట పెట్టాను" అన్నాను.

తల్లి సంచీ వదిలేసింది. "ఏంటండీ మీరనేది? ఇక్కడే పడి ఉన్నామే రెండు వారాలు! పిల్ల రాత్రుళ్లు ఎలా ఏడ్చిందో మీకు తెలుసా?" ఇంకా చాలా అంది. అన్నీ న్యాయమే. తలొంచుకుని విన్నాను. ముడి విప్పనివ్వనిది ఎవరన్న మాట నేను ఎత్తలేదు. టోపీ పెట్టింది నేను. అలవాటు లేని మనిషికి ముడి సంగతి ఎలా తెలుస్తుంది?

ఆ పిల్ల మాత్రం నన్నే చూస్తోంది. రెండు వారాల్లో నా కళ్లలోకి చూడటం అదే మొదలు.

"అంటే," అంది నెమ్మదిగా, "తప్పు నాది కాదా?"

"కాదమ్మా. నాది."

"మొత్తం మీదేనా?"

"మొత్తం నాదే."

ఏడుస్తుందనుకున్నాను. కాస్త ముందుకి వంగింది. "ఎంత దూరం తప్పింది?"

"కొలవలేదు. ముడి ఇప్పుడు లేదుగా."

"కొలవకుండా ఎలా చెబుతారు సార్? ముడి వల్లే అని ఏంటి గ్యారంటీ? టోపీ సాగిపోయి ఉండొచ్చు. మళ్లీ చేసి చూపిస్తేగానీ తప్పు ఇదీ అని రాయకూడదు."

క్లాసు గొంతు అది. వందమంది ముందు వినపడే గొంతు అని అప్పుడు నాకు తెలిసింది. తల్లి నోరు తెరుచుకుని కూతుర్ని చూస్తోంది.

"ముడి కావాల్నా? నాది ఉన్నది కదా" అంది ఆయమ్మ.

ఆవిడ తల మీద గుడ్డ జారగా నేను పదేళ్లలో చూడలేదు. "వద్దులే అమ్మా" అన్నాను.

"మల్లా మొహమాటమా సార్? మొహమాటంతోనే ఇంత అయింది" అంటూ, ఆకుపచ్చ పరదా లాగి ఆ పిల్లని తీసుకుని వెనక్కి వెళ్లింది. "మీరు గోడ దిక్కు తిరుగుండ్రి. కొలిచేది బేటా కొలుస్తది. మీరు రాసుకోండ్రి."

అలా నేను, తలలు కొలవడంలో పేరున్న టెక్నీషియన్ని, గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి కాగితం పట్టుకుని నిలబడ్డాను. పరదా వెనక నుంచి అంకెలు వచ్చాయి.

"ముడి లేకుండా, ముక్కు నుంచి ముందు గుర్తుదాకా పదకొండు."

రాశాను.

"ముడితో... ఆంటీ, కదలకండి... పద్నాలుగున్నర."

రాశాను.

"మళ్లీ చేద్దాం. ఒక్కసారి వస్తే లెక్క కాదు. మూడుసార్లు రావాలి."

మూడుసార్లూ అంతే వచ్చింది. "మూడున్నర సెంటీమీటర్లు" అంది పిల్ల. "రెండు వేళ్లంత" అంది ఆయమ్మ. గ్లాసు నీళ్లు ఎత్తలేని చేతులు ఆ పరదా వెనక టేపు పట్టుకుని ఉన్నాయి. నాకు చూడాలనిపించింది. క్యాలెండరు వైపే తిరిగి ఉన్నాను కాబట్టి కళ్లు తుడుచుకోవడం ఎవరికీ కనిపించలేదు.

బయటికొచ్చి తెల్ల కాగితం అడిగింది. వాళ్ల పనిలో తప్పు దొరికితే ఒక రిపోర్టు రాస్తారట. గళ్లు గీసింది. ఏం జరగాలి, ఏం జరిగింది, తీవ్రత, కారణం. తీవ్రత దగ్గర "ఎక్కువ" అని రాసింది. కారణం దగ్గర కాసేపు ఆలోచించి, "పేషెంటు ముడి విప్పమనడానికి సార్ మొహమాటపడ్డారు" అని రాసింది. ఆఖరి గడి స్థితి. అక్కడ "ఓపెన్" అని రాసి నాకిచ్చింది. అంటే తప్పు ఇంకా సరికాలేదని.

"రేపట్నుంచి సరిచేస్తాం కదమ్మా, క్లోజ్ అని రాయొచ్చుగా?" అన్నాను.

"తప్పు చేసినవాళ్లు క్లోజ్ చేయకూడదు సార్. పట్టుకున్నవాళ్లు చేయాలి. అదీ ఊరికే కాదు. మళ్లీ అదే పరిస్థితిలో పెట్టి చూసి, తప్పు రాకపోతేనే."

మర్నాటి నుంచి మళ్లీ మొదలు. ఒక్క రాత్రిలో ఏమీ మారలేదు, ఎవరైనా అలా చెబితే నమ్మకండి. నాలుగు రోజులు పాత మనిషే వచ్చింది. మొదటి ఉత్సాహం ఆ మంగళవారంతోనే ఆరిపోయిందేమోనని నాకు గుబులు. సైకాలజిస్టు దగ్గర కాగితం నిండా ప్రశ్నలున్నాయి గానీ, ఆయమ్మది వేరే కొలత. రోజూ ఆ పిల్ల ఎన్ని సారీలు చెప్పిందో వేళ్ల మీద లెక్కపెట్టేది. రెండో వారం మధ్యలో ఒకరోజు నా దగ్గరికి పరుగున వచ్చింది. "సార్! ఇయ్యాల తలుపు ధన్‌మని కొట్టుకున్నది. ఒక్క సారీ సుత చెప్పలే!" ఇద్దరం మిఠాయి తిన్నాం ఆ పూట. మూడో వారంలో తల్లి లేకుండా మధురానగర్ నుంచి నడిచి వచ్చింది. నాలుగో వారంలో ఆయమ్మ టీలో చక్కెర ఎక్కువైందని పోట్లాడింది.

చివరిరోజు తల్లి నా దగ్గరికి లడ్డూ ప్రసాదం తెచ్చింది. పొట్లం విప్పుతూ, "ముడి విప్పనివ్వంది నేనే కదండీ. మీరు ఒక్కమాట కూడా అనలేదు" అంది.

"టోపీ పెట్టింది నేనమ్మా."

"అయినా ఒకటి చెప్పండి. ఆ రోజు స్వామికి జుట్టు ఇవ్వకపోతే మీ తప్పు బయటపడేదా?"

డాక్టరు గారు అప్పుడే గదిలోకి వస్తున్నారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన విదేశాల్లో చదువుకున్న మనిషి. "పడేది కాదమ్మా" అని ఒప్పుకుని లడ్డూ తీసుకున్నారు.

నా వాటా నాకూ అందింది. అందరి కొలతలూ మళ్లీ చూసేదాకా పరిశోధన ఆగింది. మిగతావి సరిగ్గానే ఉన్నాయి. పరిశోధన పేపరు అచ్చయినప్పుడు అందులో రావాల్సిన నా పేరు రాలేదు. రాకపోవడమే సబబు. డాక్టరు గారు నన్ను మళ్లీ "అన్నా" అనడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు ఎంత పొడుగ్గా ఉన్నాయో చెప్పలేను.

ఏడాదిన్నర గడిచింది. ఆ పిల్ల మళ్లీ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెబుతోందని, ముందు చిన్న బ్యాచ్‌తో మొదలుపెట్టిందని అప్పుడప్పుడూ తెలిసేది. ఒకరోజు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చింది. పెరిగిన జుట్టుని గట్టిగా లాగి నిమ్మకాయంత ముడి వేసుకుని ఉంది. పలకరింపులు కూడా పూర్తికాకుండా వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా? మళ్లీ ఏమైనా..." అని అడిగాను.

"బాగానే ఉన్నాను సార్. టోపీ పెట్టండి."

ఆయమ్మ టోపీ తీసుకుని నా వైపు చూసింది. ఇద్దరూ చూస్తున్నారు. అప్పటికీ నాకు అర్థం కాలేదు. పని అలవాటుకొద్దీ నోరు దానంతటదే అంది:

"ముందు ముడి విప్పమ్మా."

ఆ పిల్ల పిన్ను లాగేసింది. జుట్టు భుజాల మీద పడింది. అంతసేపూ ఆపుకున్న నవ్వు ఇద్దరి నోట్లోంచీ ఒక్కసారే వచ్చింది.

"ఆ కాగితం ఉందా సార్?"

లేకేం. సొరుగులో టేపు కింద పెట్టుకున్నాను. తీసిచ్చాను. ఆఖరి గడిలో "ఓపెన్" కొట్టేసి, పక్కనే "క్లోజ్డ్" అని రాసి, కింద సంతకం చేసి, నా చేతికిచ్చింది.